బరువున్న దారం

మా సైన్సు సారు పోయారన్న కబురు పొద్దున బడిలో ప్రార్థన జరుగుతుండగా వచ్చింది. పిల్లలు వరుసల్లో నిలబడి ఉన్నారు. ఆయన బావమరిది సైకిలును గేటుకు ఆనించి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు అక్కడే ఆగిపోయాడు. అతన్ని చూడగానే నాకు అర్థమైపోయింది. సారును కరీంనగర్ దవాఖానలో చేర్చినప్పటి నుంచి ఆ సైకిలు రాకూడదనే కోరుకుంటూ ఉన్నాను. ప్రార్థన అయ్యేదాకా ఆగి నా దగ్గరికి వచ్చి, "తెల్లారంగ పోయిండు పంతులూ. అక్క నీళ్ళు తాగిపిస్తుంటే తాగుకుంట తాగుకుంటనే పోయిండు" అన్నాడు.

హెడ్మాస్టరు గారు సెలవు ఇచ్చారు. సెలవు దొరికిన సంతోషం దాచుకోలేక, సారు పోయినందుకు ముఖం ఎలా పెట్టాలో తెలియక, పిల్లలు గుంపులుగా బయటికి నడిచారు. వాళ్ళను తప్పు పట్టను. ఈ పిల్లలు చూసిన సారు వేరు. చెప్పింది రాసుకోమని, అడిగిందానికి జవాబు చెప్పమని, లేకపోతే కూర్చోమని అనే మనిషిని వాళ్ళు చూశారు. అంతకు ముందున్న మనిషి గురించి చెప్పేవాళ్ళలో ఈ బడిలో ఇక నేనొక్కణ్ణే మిగిలాను. అందుకే ఇది రాస్తున్నాను.

నేను తెలుగు పండితుణ్ణి. సైన్సు గురించి రాయడానికి నాకేమీ అర్హత లేదు. చనిపోయిన వాళ్ళను ఆకాశానికి ఎత్తడం కూడా నాకు చేతకాదు. ఎత్తితే ఆయన పడి పడి నవ్వేవారు.

నిజాం రాజ్యం పోయి, ఉర్దూలో సాగిన చదువులు తెలుగులోకి మళ్ళుతున్న రోజుల్లో ఆయన లక్సెట్టిపేట నుంచి మానేరు ఒడ్డున ఉన్న ఈ నేతగాళ్ళ ఊరికి బదిలీ మీద వచ్చారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదివింది మొత్తం ఉర్దూలో. బోర్డు మీద తెలుగులో రాస్తూనే హెచ్చవేతలు ఉర్దూలో గొణుక్కునేవారు. పిల్లలు ఆ గొణుగుడును అనుకరించి నవ్వుకుంటుంటే తానూ నవ్వేవారు. తెలుగులో సరైన పుస్తకం అప్పటికింకా చేతికి రాలేదు. అందుకని సాయంత్రం బడి విడిచాక నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చునేవారు.

"పంతులూ, జర గీ మాటకు మంచి తెలుగు చెప్పుండ్రి."

నేను నిఘంటువు తిరగేసి, రెండు మూడు సంస్కృత పదాలు అతికించి ఒక మాట తయారు చేసి ఇచ్చేవాణ్ణి. ఆయన దాన్ని నోట్లో వేసుకుని నమిలి చూసి, "ఇది పలికేలోపల గంట కొడతరు" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. బావి మీద ఉండేదానికి గిరక అన్న పేరు ఉండగా ఇంకో పేరు ఎందుకని ఆయన, పాఠంలో గిరక అని రాస్తే పాఠం పరువు పోతుందని నేను. చివరికి గిరకే నిలిచింది. నా మాటలు చాలావరకు చెత్తబుట్టలోకి పోయాయి గానీ, ఆ పంచాయితీలో పడి ఆ లెక్కలు నాకు తెలియకుండానే వంటబట్టాయి.

చదివేవాళ్ళకు ఆ లెక్క చెప్పకుండా ఆయన కథ చెప్పలేను. జర ఓపిక పట్టండి. పెంకుటింటి కప్పును తలుచుకోండి. రెండు పక్కలా వాలు, నడికొప్పున ఒక గిరక. ఈ వాలు మీద ఒక దిమ్మె, ఆ వాలు మీద ఒక దిమ్మె. రెంటినీ కలుపుతూ గిరక మీదుగా ఒక దారం. ఏ దిమ్మె కిందికి జారుతుంది, ఏది పైకి పోతుంది, ఎట్లా వేగం పుంజుకుంటుంది? ఇంతే ప్రశ్న. పిల్లలు రెండు దిమ్మెలనూ ఒక్కసారే చూసి బెదిరిపోయేవారు. సారు చాక్‌పీసుతో దారం మీద అడ్డంగా ఒక గీత కొట్టేవారు.

"ముందు దారం తెంపుండ్రి. ఇప్పుడు గీ దిమ్మెను ఒక్కదాన్నే అడుగుండ్రి, నిన్ను కిందికి గుంజేది ఎంత, మీదికి గుంజేది ఎంత అని. అది చెప్పిందే రాసుకోండ్రి. తర్వాత గా దిమ్మెను అడుగుండ్రి. ఇద్దరి మాట ఇన్నంక అప్పుడు కలుపుండ్రి."

కలిపితే, దారం గుంజే బలం ఒక చోట కూడికగా, ఇంకో చోట తీసివేతగా వచ్చి కొట్టుకుపోయేది. అది కొట్టుకుపోయిన చోట ఆయన ఒక క్షణం ఆగి పిల్లల వైపు తిరిగేవారు. ఎన్నిసార్లు చేసిన లెక్కయినా సరే, ఆ చోట ఆయన ముఖం వెలిగేది. ఆ ముఖం చూడటానికి నేను నా ఖాళీ పీరియడ్లో వరండాలో తచ్చాడిన రోజులున్నాయి.

మధ్యాహ్నం టిఫిను మూత మీద ఉల్లిగడ్డ ముక్క పెట్టి, మూతను ఒక కొస నుంచి మెల్లగా ఎత్తుతూ అది ఎప్పుడు జారుతుందా అని చూస్తూ కూర్చునేవారు. "అన్నం చల్లారుతున్నది సారూ" అంటే, "ఆగుండ్రి పంతులూ, కదులుతది గిప్పుడే" అనేవారు. జారాక దాన్నే నోట్లో వేసుకుని అన్నం మొదలుపెట్టేవారు. ఇంట్లో కంచంతోనూ ఇదే ఆట అని ఆయన భార్య మా ఆవిడతో చెప్పుకుని తల పట్టుకుందట.

ఒక రోజు పరీక్ష కాగితాలు దిద్దుతూ ఆయన భగ్గుమన్నారు. క్లాసులో సగం మంది ఒకే తప్పు చేశారు. అందరూ ఒకరి దాంట్లో ఒకరు చూసి రాశారని ఆయన అనుమానం. కాగితాలు వేరు చేసి చూస్తే విచిత్రం బయటపడింది. ఊరి చుట్టుపక్కల వ్యవసాయం చేసుకునే ఇళ్ళ పిల్లలు సరిగ్గా చేశారు. తప్పు చేసింది మొత్తం నేతగాళ్ళ పిల్లలు. అందరూ దిమ్మె బరువుకు ఎంతో కొంత దారం బరువు కలిపారు.

"దారానికి బరువు లేదు అనుకోవాలెనని చెప్పిన గదరా?" అని అడిగితే రాజేశం లేచాడు. రాజేశం ఆ క్లాసులో అందరికంటే చురుకైనవాడు. పొద్దున లేచి తండ్రి మగ్గానికి కండెలు చుట్టి, వేళ్ళకు నూలు దుమ్ము అంటుకుని ఉండగానే బడికి వచ్చేవాడు.

"సార్, మాకు నూలు తూకమేసి ఇస్తరు. బట్ట నేసినంక తూకమేసి తీసుకుంటరు. నడుమ తెగిపోయిన పోగులు పోతయి గద, అందుకు తక్కువ తూగుతది. గా పోగులకు బరువేముంటదని సావుకారి అంటడు. మల్ల గా తక్కువకు పైసలు మా బాపు కూలిలకెళ్ళి కోస్తడు. బరువు లేని దారం ఎక్కడుంటది సార్?"

మిగతా పిల్లలు తలలు ఊపారు. ఎవరూ నవ్వలేదు. దారానికి బరువు లేదన్న మాట వాళ్ళు ఇళ్ళల్లో వినీ వినీ ఉన్నారు. అది అబద్ధమని వాళ్ళకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఇప్పుడు బడిలో సారు కూడా అదే అంటున్నాడు.

మరునాడు ఆయన చిలప అనే నూలు చుట్ట ఒకటి తెచ్చి, సైన్సు గది త్రాసులో పిల్లల ముందే తూకం వేశారు. ముల్లు కదిలింది. "ఉన్నది. నేను చెప్పింది తప్పు" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆ గదిలో లేచిన గోల నా క్లాసు దాకా వినిపించింది. అక్కడి నుంచి ఆయనను ఆపడం ఎవరి తరం కాలేదు. దారం జారిన కొద్దీ ఒక పక్క పొడుగవుతుందనీ, పొడుగైన కొద్దీ ఆ పక్క బరువు పెరుగుతుందనీ, కాబట్టి వేగం పెరిగే తీరు కూడా క్షణక్షణం మారుతుందనీ బోర్డు నిండా రాశారు. అది ఆ తరగతి చదువు కాదు. కాలేజీలో కూడా అందరికీ చెప్పరట. "పుస్తకం రాసినాయన ఇంట్ల మగ్గం లేదు, అందుకే రాయలే" అనేవారు. రాజేశం ఒక్కడే దాన్ని కొసదాకా పట్టుకున్నాడు.

"సారూ, పరీక్షల గిది అడగరు గద" అని నేను ఒకసారి అన్నాను.

"అడగరు. అడగకపోతే నిజం కాకపోతదా పంతులూ?"

ఆయన రాజేశం మీద ప్రాణం పెట్టుకున్నారు. మగ్గం గుంటలోంచి ఒక్కడు లేచి ఇంజనీరు చదువుకు పోవాలని ఆయన పట్టు. రాజేశం తండ్రి దానికి ఒప్పుకోలేదు. షోలాపూర్‌లో అన్నదమ్ముల దగ్గరికి కుటుంబంతో సహా పోదామని అప్పటికే అనుకుంటున్నాడు. సారు వాళ్ళ ఇంటి చుట్టూ తిరిగి తిరిగి చివరికి ఒక మాట తీసుకున్నారు. "గీ ఒక్క పరీక్ష సారూ. పాసైతే మీవోడు. తప్పితే నావోడు. మల్ల నన్ను అడగద్దు" అన్నాడు తండ్రి. సారు సరే అన్నారు. వాడు తప్పుతాడని ఆయనకు కలలో కూడా లేదు. నాకూ లేదు.

ఆ ఏడు పబ్లిక్ పరీక్షకు పిల్లలను కరీంనగర్ తీసుకుపోయింది మేమిద్దరమే. సైన్సు పరీక్ష రోజు రాజేశం అందరికంటే ఆఖర్న బయటికి వచ్చాడు. చెమటతో అంగీ తడిసిపోయి ఉంది, ముఖం మాత్రం వెలిగిపోతున్నది. "సార్, గా రెండు వాలుల లెక్కనే వచ్చింది. దారం బరువు ఏసి చేసిన సార్. దారం పొడుగు వాళ్ళు ఇయ్యలే, నేనే అనుకొని రాసిన. మొత్తం వచ్చింది. మిగతయి రాయడానికి టైం సరిపోలే" అన్నాడు.

సారు వాడి భుజం మీద చెయ్యి వేశారు. "మంచిగ రాసినవ్ బిడ్డా" అన్నారు. వాడు నీళ్ళు తాగడానికి పోగానే ఆయన మెట్టు మీద కూలబడ్డారు. ఎండ నెత్తిన పడుతున్నా లేవలేదు. నేను పక్కన కూర్చున్నాను.

ఫలితాలు పేపర్లో వచ్చాయి. రాజేశం నెంబరు లేదు. సెప్టెంబరులో మళ్ళీ రాయించవచ్చునని, ఆ ఒక్క సబ్జెక్టే కదా అని సారు ఆ ఇంటికి పోయారు. నన్నూ తోడు తీసుకుపోయారు. మగ్గం మీద ఏమీ లేదు. ఉత్త కర్రలు. ఆ ఏడు నూలు దొరక్క ఊళ్ళో సగం మగ్గాలు అట్లాగే ఉన్నాయి. రాజేశం తండ్రి మాకు చాప పరిచి, తాను గడప మీద కూర్చున్నాడు. సారు చెప్పిందంతా విన్నాడు. కోపం కూడా చేయలేదు.

"సారూ, మీ లెక్కల దారానికి బరువున్నదో లేదో నాకెరుక లేదు. మా మగ్గం మీద దారమే లేదు. మీరు మాట ఇచ్చిండ్రు గద" అన్నాడు.

రాజేశం గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. సారు వాడి వైపు చూడలేకపోయారు. ఆ వారంలోనే వాళ్ళు షోలాపూర్ వెళ్ళిపోయారు.

ఆ తరువాతి ఏడు క్లాసులో ఆ పాఠం వచ్చినప్పుడు, "దారం బరువు సున్నా. రాసుకోండ్రి" అన్నారు. వెనక బెంచీ నుంచి ఒక నేతగాళ్ళ పిల్ల లేచి, మా ఇంట్ల నూలు తూకమేస్తరు సార్ అని మొదలుపెట్టింది. "కూసో" అన్నారు. ఆ గొంతు విని నేను వరండాలోంచి నా క్లాసుకు తిరిగి వచ్చేశాను. అటు తరువాత ఆ గది ముందు తచ్చాడటం మానేశాను. లెక్కలో దారం కొట్టుకుపోయే చోట ఆయన ఆగడం మానేశారట. టిఫిను మూత పక్కన పడేసి గబగబా తిని చేతులు కడుక్కునేవారు. పిల్లలు బాగా పాసయ్యేవారు. సైన్సులో మా బడి మెరుగైందని హెడ్మాస్టరు గారు అందరి ముందూ పొగిడినప్పుడు, సారు నేల చూస్తూ కూర్చున్నారు. ఒక మనిషి బతికుండగానే ఎట్లా ఖాళీ అవుతాడో నేను పక్క కుర్చీలో కూర్చుని చూశాను. ఏమీ చేయలేకపోయాను.

కొన్నేళ్ళకు ఒక దసరా సెలవుల్లో, "షోలాపూర్ పోదాం, రాండ్రి పంతులూ" అన్నారు. ఎందుకని నేను అడగలేదు.

కరెంటుతో నడిచే మగ్గాలను అక్కడ సాంచెలంటారు. ఒక రేకుల షెడ్డులో అవి వరుసగా ఆడుతున్నాయి. ఆ చప్పుడుకు గుమ్మంలో నిలబడ్డ నాకే గుండె అదిరింది. రాజేశం జుట్టు నిండా దూదితో బయటికి వచ్చాడు. సారును చూసి కాళ్ళకు దండం పెట్టాడు. పక్కనే ఉన్న చాయ్ కొట్టు బల్ల మీద కూర్చున్నాం. సారు గ్లాసు కింద పెట్టి, తల వంచుకుని మొదలుపెట్టారు. తప్పు తనదేనని అన్నారు. పరీక్షకు పనికిరానిది నెత్తికెక్కించి నిన్ను ముంచింది నేనే బిడ్డా అన్నారు. నీ బతుకు ఖరాబు చేసిన, నన్ను మాఫ్ చెయ్యి అన్నారు. అంత పొడుగు మాట ఆయన నోట అప్పటికి చాలా ఏళ్ళుగా వినలేదు. రాజేశం నవ్వుతూ తల ఊపుతున్నాడు. ఆయన ఆపగానే, "మంచిగున్న సార్. అవ్వ, బాపు గూడ మంచిగున్నరు" అన్నాడు, కొట్టులో అందరూ తిరిగి చూసేంత గట్టిగా. సాంచెల చప్పుడు వాడి చెవులు తినేసింది.

తిరుగు రైలులో నేనే అన్నాను, "సారూ, వానికి మీ మాట ఇనపడలే."

"ఎరుకే పంతులూ. మొదటి మాటకే ఎరుకైంది."

"మరి కాగితం మీద రాసి చూపెట్టకపోతిరి?"

"వాడు ఇంటడని తెలిస్తే నా నోట్లకెళ్ళి గా మాట వచ్చేదా? రాస్తే అది గూడ ఒక లెక్క అయితది. రాసి, మార్కులు ఏయమని వానికి ఇచ్చినట్టే." ఆయన కిటికీ వైపు తిరిగిపోయారు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. పోయిన ఏడు దగ్గు మొదలైంది, మనిషి సన్నబడ్డారు. దవాఖానలో చూడటానికి పోయినప్పుడు, రాజేశాన్ని పిలిపించనా అని అడిగితే, "ఎందుకు పరేషాన్ చేసుడు, కూలి పోతది" అన్నారు. నేను ఆయన మాట వినకుండా కార్డు రాశాను. అది ఎప్పుడు చేరిందో, వాడికి ఎప్పుడు సెలవిచ్చారో తెలియదు.

సారు దినం కూడా అయిపోయాక రాజేశం వచ్చాడు. ఇంటికి పోకుండా నేరుగా బడికే వచ్చి స్టాఫ్ రూము ముందు నిలబడ్డాడు. నేను చెప్పవలసిన పని పడలేదు, ఊళ్ళో ఎవరో చెప్పేశారు. వాణ్ణి సైన్సు గదికి తీసుకుపోయాను. పిల్లలు డ్రిల్లుకు పోవడంతో గది ఖాళీగా ఉంది. షోలాపూర్‌లో సారు వాడికి చెప్పిన మాటలు, నాకు గుర్తున్నంత వరకు, బోర్డు మీద ఒక్కొక్కటే రాశాను. నేను చాలా ఏళ్ళుగా పిల్లలకు వ్యాసాలు రాయిస్తున్న మనిషిని. ఆ నాలుగు మాటలను రెండుసార్లు చెరిపి మళ్ళీ రాశాను.

రాజేశం చదివాడు. మళ్ళీ చదివాడు. నా చేతిలోంచి చాక్‌పీసు తీసుకుని, పక్కన రెండు వాలులు గీశాడు, గిరక పెట్టాడు, దిమ్మెలు పెట్టాడు. దారం మీద అడ్డంగా గీత కొట్టి, దాని బరువు సున్నా అని రాసి, కొద్ది వరుసల్లో జవాబు తేల్చేశాడు. పరీక్ష వాళ్ళకు కావలసిన జవాబు.

"గిది నాకు అప్పుడు గూడ ఎరుకే పంతులూ" అన్నాడు.

మరి ఎందుకు రాయలేదని చేత్తో అడిగాను.

"సారు తూకమేసి చూపెట్టిండు గద. మా బాపు బతుకంత గా బరువు కోసమే సావుకారితోని కొట్లాడిండు. ఒక్కరు గూడ ఉన్నదనలే. సారు ఒక్కడే ఉన్నదన్నడు. గంత మాట అన్న మనిషిని కొట్టేసి, సున్నా అని రాసి పాస్ అయితనా? నేను కావాల్ననే రాసిన. సారు తప్పేం లేదు."

ఇందులో ఓదార్పు ఉందని మీలో ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఈ ఒక్క మాట కోసం ఆ మనిషి అన్నేళ్ళు లోపల లోపల చచ్చాడు. ఇది చెప్పగలిగినవాడు షోలాపూర్‌లో ఆయన ఎదురుగానే, అదే బల్ల మీద కూర్చుని, నవ్వుతూ చాయ్ తాగాడు. ఇప్పుడు చెబితే ఎవరికి కావాలి? నాకు కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

రాజేశం బోర్డు వైపే తిరిగి, "సారు తప్పేం లేదు" అని మళ్ళీ అన్నాడు. వాడు అరుస్తున్నాడు. తాను అరుస్తున్నానని వాడికి తెలియదు. పక్క గదుల్లో పాఠాలు ఆగిపోయాయి. ఎవరో కొట్లాడుకుంటున్నారనుకుని పిల్లలు, సార్లు వరండాలోకి వచ్చి గుమ్మం దగ్గర గుమిగూడారు. వాడు వాళ్ళను చూడలేదు. అదే మాట ఇంకా గట్టిగా అన్నాడు. మెల్లగా మాట్లాడమని సైగ చేయడానికి నా చెయ్యి లేవలేదు.